మావయ్యగారి బరువు తుపాకి

కిందటి నెల ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మా మావయ్యగారిని మోసం చేశాను. ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు, టీవీలో ఆయన ఆడుతున్న వేట ఆట సెట్టింగులు తెరిచి, ఆయనకి తెలియకుండా గురి సులువు చేసి పెట్టాను. జంతువు దగ్గరికి రాగానే ఆటే తుపాకిని నెమ్మదిగా దాని మీదికి లాగి పట్టుకునే ఏర్పాటు అది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేసరికి నేనేమీ ఎరగనట్టు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాను.

నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మావయ్యగారిది బందరు. అక్కడే ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కేడెట్ పిల్లల్ని ఫైరింగు రేంజికి తీసుకెళ్ళే పని కూడా ఆయనదే కాబట్టి నిజం తుపాకి చేత్తో పట్టుకున్న మనిషి. ఆదివారం పొద్దున బస్సెక్కి బందరు వెళ్ళడం, సాయంత్రం తిరిగి రావడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. మా ఆవిడ అప్పుడప్పుడు వస్తుంది. ఎక్కువసార్లు, "మీ మావా అల్లుళ్ళ అడవిలో నాకేం పని, మీరు వెళ్ళిరండి" అంటుంది.

ఆ అడవిని బందరు తీసుకెళ్ళింది నేనే. నాకోసం కొనుక్కున్న గేమ్ కన్సోలు మా ఇంట్లో నస భరించలేక, వాళ్ళ టీవీ పెద్దది కదా అన్న వంకతో అక్కడికి చేర్చాను. మొదట మావయ్యగారు పక్కన కూర్చుని నవ్వేవారు. "చలిదేశం దుప్పుల్ని బందరు ఉక్కపోతలో కూర్చుని వేటాడుతున్నారా అల్లుడుగారూ!" అనేవారు. ఒకరోజు నేను వరసగా గురి తప్పుతుంటే ఉండబట్టలేక, "ఏదీ, ఇలా ఇవ్వండి" అని కంట్రోలరు అందుకున్నారు. ఇంక అంతే.

ఆ ఆటలో తుపాకికి బరువుంటుంది. సంచికీ ఒక హద్దుంటుంది. తేలిక తుపాకి తీసుకుంటే సంచిలో ఇంకా బోలెడు సామాను పడుతుంది, నడక చురుగ్గా సాగుతుంది. కానీ గురి చూసేటప్పుడు స్కోపులోని గుర్తు ఊగుతూనే ఉంటుంది. బరువు తుపాకి అయితే ఒకచోట నిలబడుతుంది. దాన్ని మోసుకుంటూ కొండెక్కితే మాత్రం మనిషికి ఆయాసం వస్తుంది. ఆయాసంలో ఏ తుపాకీ నిలవదు. ఊపిరి కుదుటపడేదాకా ఆగాల్సిందే.

నాది తేలిక తుపాకి. పరిగెత్తేవాణ్ణి, కనిపించిందల్లా కొట్టేవాణ్ణి, సగం గాయపడి పారిపోయేవి. ఆ నెత్తురు జాడ పట్టుకుని మళ్ళీ పరుగు. మావయ్యగారు దొరికినంతలో అన్నిటికన్నా బరువైన తుపాకి ఎంచుకుని, దానికోసం సంచిలోంచి గుడారం, జంతువుల్ని పిలిచే కూత పరికరాలు, సగం సామాను తీసి పారేశారు.

"ఇవన్నీ లేకపోతే జంతువు దగ్గరికి ఎలా వస్తుందండీ?" అన్నాను.

"రాదు. మనమే వెళ్దాం. మనకేం తొందర, బస్సు సాయంత్రం కదా."

బరువైన వస్తువు తొందరగా కదలదని నేను క్లాసులో ఏటా చెప్తాను. బోర్డు మీద రాస్తాను, మార్కులు వేస్తాను. కానీ చేతిలో బరువుంటే మనిషి కూడా నెమ్మదిస్తాడని నాకు బోధపడింది ఆయన పక్కన కూర్చున్న ఆ ఆదివారాల్లోనే. ఆయన ఆటలో అసలు పరిగెత్తేవారు కాదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, వంగి నడిచి, బోర్లా పడుకుని, ఊపిరి తగ్గేదాకా ఆగి, అప్పుడు ఒక్కటి. రోజంతా ఒక్కటే కొట్టినా ఆయనకి లోటు ఉండేది కాదు. నాకు మా నాన్న పరిచయం తక్కువ, చిన్నప్పుడే పోయారు. ఒక పెద్దమనిషి పక్కన పనేమీ లేకుండా గంటలు గంటలు కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియచేసింది ఆయనే. ఆ సంగతి ఆయనతో ఎప్పుడూ అనలేదు.

ఇంకొక సంగతి. అల్లుడి మర్యాద ఆయన అడవిలో కూడా వదిలేవారు కాదు. ఇంట్లో ముందు విస్తరి నాకు వేసినట్టే, జంతువు కనపడగానే కంట్రోలరు నాకిచ్చి, "ముందు మీరు కొట్టండి" అనేవారు. నేను తప్పితేనే ఆయన వంతు.

ఏడాది కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు కాఫీ గ్లాసులో కనపడింది. అత్తయ్యగారు ఏమీ అనకుండా సగం గ్లాసే పోయడం మొదలుపెట్టారు. విజయవాడలో డాక్టరుగారు మందులు రాసి, వణుకు అదుపులో ఉండొచ్చు గానీ పోతుందని చెప్పలేనన్నారు, స్కూటరు మాత్రం వద్దన్నారు. రోజూ పొద్దున్నే స్కూటరు మీద కోనేరు సెంటరుకి వెళ్ళి, పాత స్నేహితులతో టీ తాగి పేపరు చదివి రావడం ఆయనకి ఉద్యోగంలాంటిది. అది ఆగిపోయింది. అత్తయ్యగారు తాళంచెవి కందిపప్పు డబ్బాలో దాచారు. అది అక్కడుందని ఆయనకీ తెలుసు. అయినా తియ్యలేదు.

ఆట మాత్రం వదల్లేదు. కానీ ఆ వణుకు కంట్రోలరు మీద బొటనవేలితో కదిపే పుల్లలోకి, అక్కణ్ణించి టీవీలోకి వచ్చేసేది. ఎంత బరువు తుపాకి తీసుకున్నా స్కోపులోని గుర్తు పిచ్చిపట్టినట్టు గెంతేది. ఒక దుప్పి ఉండేది, ఒక కొమ్ము పైకీ ఒక కొమ్ము పక్కకీ వంగినది. దానికోసం వారాల తరబడి తిరిగారు. నాలుగైదుసార్లు దొరికినట్టే దొరికింది. ప్రతిసారీ గుండు పక్కనున్న చెట్టుకి తగిలేది. దానికి మాత్రం "ముందు మీరు" అనలేదు ఆయన. నేనూ అడగలేదు.

ఆ ఆదివారం పొద్దుట రెండుసార్లు తప్పింది. రెండోసారి ఆయన కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చున్నారు. జాలేసి ఆ పని చేశానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే సగం జాలి, సగం విసుగు. వారాల తరబడి ఆ తప్పిపోవడాలు చూసి చూసి నాకు విసుగొచ్చింది. ఆ దుప్పి ఏదో పడిపోతే మళ్ళీ నా వంతు వస్తుందనుకున్నాను.

భోజనాలయ్యాక దుప్పి మళ్ళీ వాగు దగ్గరికి వచ్చింది. మావయ్యగారు పడుకున్నారు, అంటే ఆటలో. ఊపిరి ఆపారు. గుర్తు వణుకుతూ వణుకుతూ పోయి దాని భుజం వెనక అతుక్కుంది. కొట్టారు. దుప్పి రెండడుగులు వేసి కూలింది.

ఆయన అరవలేదు. కంట్రోలరు టీపాయ్ మీద పెట్టి కుడిచెయ్యి చాపి చూసుకున్నారు. తిప్పి చూసుకున్నారు. తర్వాత, "ఏమేవ్, ఇలా రా!" అని కేకేశారు.

అత్తయ్యగారు కంగారుగా వచ్చారు. "ఏమైందండీ?"

"నిలబడిందే! చెయ్యి నిలబడింది. మందు పనిచేస్తోంది."

అత్తయ్యగారు నావైపు చూశారు. అవునన్నట్టు తలూపాను. అది నా రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది.

వెంటనే దివిసీమలో ఉన్న తమ్ముడికి ఫోను చేశారు. చిన్నమావయ్యగారికి నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్నాయి. అన్నయ్య వేటంటే ఆయనకి ఎప్పుడూ వేళాకోళమే. స్పీకర్లో ఆయన గొంతు ఇల్లంతా వినపడింది. "కొట్టావా! అయితే మా చెరువుల మీదికి రా అన్నయ్యా. నీటికాకులు వాలి రొయ్యల్ని తినేస్తున్నాయి. నిన్ను గట్టు మీద నిలబెడితే భయపడి పోతాయి." మావయ్యగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది. నేను నోరు మూసుకోవడానికి ఆ నవ్వొక సాకైంది.

నేను బయల్దేరే వేళకి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. "ఇవాళ బస్టాండు దాకా నేనే దింపుతాను. ఏమేవ్, ఆ పప్పు డబ్బా తియ్యి."

"డాక్టరుగారిని అడిగాక చూద్దామండీ," అన్నారు అత్తయ్యగారు.

"డాక్టరు చూసింది అప్పటి చెయ్యి. ఇది ఇవాళ్టిది. అల్లుడుగారు సాక్షి. ఏమండీ?"

అప్పుడైనా చెప్పాల్సింది. "ఎందుకండీ, ఆటో ఉంది కదా" అని మాత్రం గొణిగాను. అత్తయ్యగారు తాళంచెవికి అంటిన పప్పుపొడి కొంగుతో తుడిచి ఇచ్చారు. ఆవిడ ముఖంలో భయమూ ఉంది, సంతోషమూ ఉంది. స్కూటరు ఎన్నో తన్నులకి గానీ స్టార్టవలేదు. నేను వెనక ఎక్కి కూర్చున్నాను.

వీధి తిన్నగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. మలుపు దగ్గర ఆయన కుడిచెయ్యి ఒక్కసారిగా వణికి యాక్సిలరేటరు తిరిగిపోయింది. బండి ముందుకి దూకింది. ఎదురుగా బస్తాలేవో వేసుకున్న ఆటో. ఇద్దరం కాళ్ళు నేలకి తన్నిపెట్టాం. బండి మురుక్కాలవ అంచున ఆగి, ఇంజను ఆగిపోయింది. ఆటో అతను తల బయటికి పెట్టి, "పెద్దాయన చేత తోలిస్తారేంటండీ, మీరు తోలొచ్చుగా!" అని నామీద కసిరి వెళ్ళిపోయాడు.

మావయ్యగారు చెయ్యి వైపు చూస్తున్నారు. "మధ్యాహ్నం బాగానే ఉందే," అన్నారు. చిన్నపిల్లాడు అన్నట్టు అన్నారు. అది విన్నాక ఇంక నావల్ల కాలేదు.

"మధ్యాహ్నం కూడా లేదండీ," అన్నాను. "ఆటలో నేను సెట్టింగు మార్చాను. గుర్తు దానంతట అదే దుప్పి మీదికి వెళ్ళేలా పెట్టాను. మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక, "దిగండి" అన్నారు.

దిగాను. ఆయనా దిగి బండి తిప్పి, ఇంటివైపు నెట్టుకుంటూ నడిచారు. నేను చెయ్యి వేయబోతే, "వద్దు. ఇది నేను మొయ్యగలను" అన్నారు. వెనకాలే నడిచాను. వీధిలో వాళ్ళు బండి పాడైందా మాస్టారూ అని అడుగుతుంటే, ఆయన అవునండీ అంటున్నారు. నాకోసం ఆయన చెప్పిన అబద్ధం అది.

ఇంటికొచ్చాక అత్తయ్యగారికి నేనే చెప్పాను. ఆవిడ తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్ళారు. డబ్బా మూత చప్పుడు వినపడింది.

మావయ్యగారు కుర్చీలో కూర్చున్నారు. "అల్లుడుగారూ, నేను మీకు ముందు గురి ఇచ్చేవాణ్ణి. ఎలా ఇచ్చేవాణ్ణి? మీ చేతికి ఇచ్చి, ఇదిగో అని చెప్పి ఇచ్చేవాణ్ణి. తప్పితే మీదే, తగిలితే మీదే. ఇవాళ నాకు తగిలింది ఎవరిదండీ?"

"నాది కూడా కాదండీ," అన్నాను.

"నన్ను చంటిపిల్లాణ్ణి చేశారు. అది పోనీండి, రేపు నేనొక్కణ్ణే బండి తీసి ఉంటే?"

తప్పైపోయిందండీ అన్నాను. మా ఇళ్ళల్లో అల్లుడు ఆ మాట అనడం అరుదు. అనిపించరు కూడా. ఆయన ఉన్నట్టుండి, "ఆ సెట్టింగులు ఏమేం ఉన్నాయో చూపించండి" అన్నారు.

బస్సు సంగతి మర్చిపోయి టీవీ పెట్టాను. ఒక్కొక్కటీ చదివి చెప్పాను. ఆయన పిల్లల్ని వరసలో నిలబెట్టి చూసినట్టు చూశారు. గురి దానంతట అదే పట్టుకునేది వద్దన్నారు. జంతువులు వెలుగులో మెరిసేది వద్దన్నారు. పుల్ల ఎంత కదిపితే గుర్తు ఎంత కదలాలో నిర్ణయించేది వచ్చింది.

"అంటే చెయ్యి ఊగినంతా తుపాకి ఊగదా?"

"ఊగదండీ. కానీ నెమ్మదిగా తిరుగుతుంది. పరిగెత్తే జంతువుని అందుకోలేం."

"నేనెప్పుడు అందుకున్నాను పరిగెత్తేవాటిని? ఇది బరువులాంటిదేగా అయితే."

"అవునండీ. ఇదీ ఒక బరువే."

"ఇది ఉంచండి. నేను అడిగాను కాబట్టి ఉంచండి."

అత్తయ్యగారు రెండు గ్లాసులు కాఫీ తెచ్చారు. రెండూ సగమే పోసి ఉన్నాయి. నాకూ సగమే పోశారు. అది శిక్షో, కలుపుకోవడమో నాకు తెలియలేదు గానీ ఆ కాఫీ నాకు దక్కినందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆయన నన్ను గేటు బయట నిలబెట్టి ఉండొచ్చు. నా ఆదివారాలు అక్కడితో అయిపోయి ఉండొచ్చు. తప్పు చేసినవాడికి పని ఒప్పజెప్పి పక్కన కూర్చోబెట్టుకునే మనిషి దొరకడం నా అదృష్టం. ఇదివరకు ఆయన నేర్పినవి తీసుకుంటూ పోయాను తప్ప, ఆయనకి నేను ఏం బాకీ ఉన్నానో ఆలోచించలేదు.

చెయ్యాల్సినవి రెండు మిగిలాయి. మరుసటి ఆదివారం బందరులో దిగి, మావయ్యగారిని బస్సెక్కించుకుని దివిసీమ వెళ్ళాను. పులిగడ్డ వంతెన మీద ఆయన కిటికీలోంచి కృష్ణను చూస్తూ, "ఫోన్లో చెప్పొచ్చుగా" అన్నారు. "మీరు ఫోన్లో నమ్మి నవ్విన సంగతిని నేను ఎదురుగా చెప్పాలండీ" అన్నాను.

చిన్నమావయ్యగారి ఇంట్లో మొదటి విస్తరి వేసి నన్నే పిలిచారు. కూర్చోలేదు. ఇంట్లో వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. నిలబడే చెప్పాను. మీ అన్నయ్యగారు దుప్పిని కొట్టలేదు, నేను దొంగతనంగా కొట్టించాను, దాన్ని నమ్మి ఆయన స్కూటరెక్కారు, ఆ పాపం నాది అని.

చిన్నమావయ్యగారు అన్నయ్యని చూసి, నన్ను చూసి, "ఇన్నాళ్ళూ అల్లుళ్ళకి మేం ముల్లు తీసి చేప పెట్టడమే తెలుసు. మావగారికి దుప్పిని ఒలిచి పెట్టిన అల్లుణ్ణి నిన్నే చూశానయ్యా!" అన్నారు. అందరూ నవ్వారు.

"నవ్వకురా," అన్నారు మావయ్యగారు. "బస్సెక్కి వచ్చి చెప్పాడు." మామూలుగా ఆయన నన్ను 'గారు' లేకుండా అనరు. ఆ ఏకవచనం నాకు బాగుంది.

తిరిగి బందరు వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఈసారి ముందే అడిగాను. "దుప్పి పడకముందు దాచిన ఆట పాత కాపీ ఒకటి నా పెన్‌డ్రైవులో ఉందండీ. అది ఎక్కిస్తే దుప్పి మళ్ళీ బతికే ఉంటుంది. ఎక్కించమంటారా?"

"మరి తర్వాత కొట్టినవి?"

"పోతాయి."

"మీ ఎలుగుబంటి?"

నా ఎలుగుబంటి సంగతి ఆయనకి గుర్తుంది. జీవితంలో ఒకే ఒక్కసారి నేను ఆయన తుపాకి మోసుకుని, ఆయనలాగే నడిచి, ఆగి, ఒక్క దెబ్బకి కొట్టిన జంతువు అది. ఆటలో గోడ మీద దాని తల ఉంటుంది. గుడివాడ నుంచి వచ్చిన ప్రతిసారీ ముందు దాన్ని చూసుకునేవాణ్ణి.

"అదీ పోతుందండీ."

"ఆలోచించుకోండి."

బస్సులోనే ఆలోచించుకున్నానని చెప్పి, పెన్‌డ్రైవు పెట్టి, పాత కాపీ ఎక్కించాను. తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. గోడ మీద దుప్పిదీ ఎలుగుబంటిదీ, రెండు తలలూ లేవు. సంచి తెరిచి, గుడారమూ కూత పరికరాలూ తీసి పక్కన పడేసి, బరువు తుపాకి ఎక్కించి, కంట్రోలరు ఆయన చేతికిచ్చాను.